బల్లార్షా ఎండల్లో వాటర్ కూల్డ్ పీసీ: కేసు కోయడం దగ్గర్నుంచి నీళ్లు నింపడం దాకా

చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు మే నెలలో బయట 45 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల ఇల్లయినా, పై అంతస్తు గదయినా, కూలర్ లేకపోతే లోపల కూడా 40 దగ్గరే ఉంటుంది. ఇలాంటి చోట పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, 3డీ పని చేసేవాళ్లు, గేములు ఆడే కుర్రాళ్లు చాలామంది "నీళ్లు పెడితే చల్లగా ఉంటుంది కదా" అనుకుని వాటర్ కూలింగ్ వైపు చూస్తున్నారు. పెట్టొచ్చు, బాగా పనిచేస్తుంది కూడా, కానీ ఒక్క విషయం ముందే బుర్రలో పెట్టుకోండి: లూప్‌లో, అంటే పంపూ రేడియేటరూ ట్యూబులూ కలిసిన చుట్టులో, తిరిగే నీళ్లు గదిలోని గాలికంటే చల్లగా ఎప్పటికీ అవ్వవు. అవి ప్రాసెసర్ దగ్గర వేడిని తీసుకుని రేడియేటర్‌కి మోస్తాయి, రేడియేటర్ ఆ వేడిని గాలికి ఇస్తుంది. కాబట్టి రేడియేటర్ ఎంత పెద్దది, దానికి ఎంత చల్లటి గాలి అందుతోంది అన్నదే అసలు లెక్క. కేసు కోసేది కూడా అందుకే, అద్దాలూ లైట్లూ తర్వాతి సంగతి.

ముందు లెక్క వేసుకోండి. ప్రాసెసర్ 150 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 300 వాట్లు అనుకుందాం, మొత్తం 450. మామూలుగా చెప్పుకునే లెక్క ఏమిటంటే, ఫ్యాన్లు మరీ హోరెత్తకుండా తిరుగుతుంటే 120 ఎంఎం ఫ్యాన్ పట్టే ఒక్కో రేడియేటర్ గడి 100 వాట్లు లాగుతుంది, అప్పుడు నీళ్లు గది గాలికంటే ఓ పది డిగ్రీలు ఎక్కువ ఉంటాయి. అంటే ఐదు గడులు. మన ఎండలకి ఆరు పెట్టండి, అంటే మూడేసి ఫ్యాన్ల 360 రేడియేటర్లు రెండు. ఎందుకంటే గది 40 ఉంటే నీళ్లు 50 దాకా వెళ్తాయి, రేడియేటర్ చిన్నదైతే 55, 58కి పోతాయి. లూపుల్లో ఎక్కువగా వాడే డీ5 పంపుకి నీటి వేడి పరిమితి 60 డిగ్రీలు. చలిదేశాల్లో వాళ్లు 240 రేడియేటర్ ఒకటి పెట్టి బాగుందంటే, వాళ్ల గది 20 డిగ్రీలని గుర్తు పెట్టుకోండి.

ఇదే కారణంతో ట్యూబ్ ఎంచుకోవడంలో కూడా జాగ్రత్త. గట్టి ట్యూబుల్లో పీఈటీజీ అనే ప్లాస్టిక్ రకం వంచడం తేలిక, అందుకే కొత్తవాళ్లంతా దాని మీద పడతారు, కానీ అది 60 డిగ్రీల దగ్గర్లో మెత్తబడటం మొదలవుతుంది, ట్యూబ్‌ని బిగించే ఫిట్టింగ్ దగ్గర నొక్కుకుపోయి కారుతుంది. చంద్రపూర్ జిల్లాలో దాన్ని వాడొద్దనే నా మాట. గట్టి ట్యూబే కావాలంటే అక్రిలిక్ తీసుకోండి, అది ఇంకా ఎక్కువ వేడికి ఆగుతుంది. నన్నడిగితే నల్లటి ఈపీడీఎమ్ రబ్బరు ట్యూబే మేలు. చూడటానికి సాదాగా ఉంటుంది గానీ వేడికి ఏమీ కాదు, కాంతి లోపలికి పోదు కాబట్టి నాచు పట్టడం తక్కువ, మొదటిసారి చేసేవాళ్లు కూడా కత్తెరలాంటి ట్యూబ్ కట్టర్‌తో తిన్నగా కోసి బిగించేయొచ్చు. లోపల 10, బయట 16 ఎంఎం సైజు తీసుకుంటే మలుపుల్లో నొక్కుకుపోదు. ఫిట్టింగులు కూడా అదే సైజువి, జీ 1/4 మర (లూప్ సామాన్లలో మామూలుగా ఉండే కొలత) ఉన్నవి. ఎన్ని అవసరమో లెక్కేసి ఇంకో రెండు ఎక్కువ తెప్పించుకోండి. మదర్‌బోర్డు, ర్యామ్, పవర్ సప్లై లాంటివి నాగపూర్ సీతాబర్డీలోనో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీలోనో చేతితో చూసి కొనుక్కోవచ్చు, లూప్ సామాన్లు మాత్రం ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాల్సి వస్తుంది, మధ్యలో ఒక ఫిట్టింగ్ తక్కువైతే వారం ఆగిపోతారు.

సామాను కొనేటప్పుడు లోహం చూడండి. రాగి, ఇత్తడి, నికెల్ పూత ఉన్న రాగి ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. అల్యూమినియం రేడియేటర్ చవగ్గా దొరికిందని రాగి బ్లాకులతో (ప్రాసెసర్, కార్డు మీద కూర్చుని వేడిని నీళ్లకి ఇచ్చే ముక్కలు) కలిపారంటే అల్యూమినియం తినేసుకుపోతుంది, ఆ చెత్తంతా బ్లాక్‌లోని సన్నటి గాడుల్లో చేరుతుంది. గ్రాఫిక్స్ కార్డు బ్లాక్ అయితే మీ కార్డు పేరు ఒక్కటి చూస్తే సరిపోదు. అదే చిప్‌తో వచ్చే కార్డుల్లో ఒక్కో కంపెనీ బోర్డు ఒక్కో రకంగా ఉంటుంది, మీ మోడల్‌కి సరిపడుతుందని బ్లాక్ తయారుచేసినవాళ్ల జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

"మన కూలర్ పంపు పెట్టొచ్చా?" అని చాలామంది అడుగుతారు. వద్దు. అది 230 వోల్టుల మీద, తొట్టిలో మునిగి, చల్లటి నీళ్లని మూడడుగులు పైకి తోయడానికి చేసింది. బ్లాక్ లోపలి సన్నటి గాడుల్లోంచి వేడినీళ్లని ఆపకుండా తోసే పని దానిది కాదు. డీ5 గానీ, డీడీసీ అనే ఇంకో రకం పంపు గానీ, రిజర్వాయర్ (నీళ్లు నింపే చిన్న డబ్బా) కలిసి వచ్చే రకం తీసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఇప్పుడు కేసు. కొత్తగా వచ్చే గాజు ముఖం కేసులకంటే పాత ఇనుప ఫుల్ టవర్ ఈ పనికి బాగుంటుంది, రేకు మందంగా ఉంటుంది, పాత డీవీడీ డ్రైవ్ గూళ్లు తీసేస్తే ముందు బోలెడు జాగా దొరుకుతుంది. 360 రేడియేటర్ పొడవు దాదాపు 40 సెంటీమీటర్లు, మందం 30 ఎంఎం, దానికి ఫ్యాన్ 25 ఎంఎం కలిపితే 55. అట్టముక్కని ఆ కొలతకి కోసి కేసులో పెట్టి చూడండి, బోర్డు మీది హీట్‌సింక్‌లకి, ర్యామ్‌కి తగలకుండా ఉందా, గ్రాఫిక్స్ కార్డు చివరికి ముందు రేడియేటర్‌కి మధ్య ట్యూబ్ పట్టే సందు మిగిలిందా అని. అట్టతో తేలని సంగతి రేకు కోశాక తేలితే కష్టం.

నా పద్ధతి ఏమిటంటే, ఒక రేడియేటర్ ముందు, ఒకటి పైన, రెండూ బయటి గాలిని లోపలికి లాగేలా. పైన ఉన్నది లోపలి గాలిని బయటికి తోసేలా పెట్టడమే ఎక్కువమంది చేసే పని, కానీ అప్పుడు ముందు రేడియేటర్ వేడిచేసిన గాలే దానికి అందుతుంది, 40 డిగ్రీల గదిలో ఆ కొద్ది డిగ్రీలు కూడా మనకి బరువే. రెండూ లోపలికి లాగితే లోపల ఒత్తిడి పెరిగి గాలి సందుల్లోంచి బయటికే పోతుంది, ఫిల్టర్ లేని చోటు నుంచి దుమ్ము లోపలికి రాదు. బొగ్గు గనులు, థర్మల్ ప్లాంటు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న మన చోట ఇది చిన్న లాభం కాదు. వెనక ఒక ఫ్యాన్ బయటికి తోసేలా పెట్టి, ఖాళీ స్లాట్ల మూతలు తీసి జాలీ మూతలు వేయండి. లోపలి గాలి కాస్త వేడిగా ఉంటుంది కాబట్టి ఎస్ఎస్‌డీకి హీట్‌సింక్ తప్పకుండా వేయాలి.

కోయడానికి ముందు కేసులో ఒక్క స్క్రూ కూడా మిగలకుండా అన్నీ విప్పేయండి, ముందు బటన్ల వైర్లతో సహా. కోసే చోట మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గీతలు గీయండి. 120 ఎంఎం ఫ్యాన్‌కి స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 ఎంఎం, కానీ ఫ్యాన్‌కీ ఫ్యాన్‌కీ మధ్య ఎడం రేడియేటర్‌ని బట్టి మారొచ్చు, అందుకే కొలతల్ని నమ్ముకోకుండా రేడియేటర్‌నే బోర్లించి గుర్తులు పెట్టుకోవడం మంచిది. రంధ్రాలకి 4 ఎంఎం బిట్ వాడితే అటూ ఇటూ జరపడానికి కాస్త వీలుంటుంది. మూడు గుండ్రటి రంధ్రాలు కోస్తారా, ఒకే పొడవాటి కిటికీ కోస్తారా అన్నది మీ ఇష్టం. గుండ్రటివి అయితే మధ్యలో రేకు పట్టీలు మిగిలి బలం ఉంటుంది, కిటికీ అయితే గాలికి అడ్డు తక్కువ. ఏది కోసినా అంచున మడతపెట్టిన భాగాన్ని మాత్రం ముట్టుకోవద్దు, కేసు నిలబడేది ఆ మడతల మీదే.

జిగ్ సాకి అంగుళానికి 24 పళ్లున్న ఇనుప బ్లేడు వేసి, కింద చెక్క ముక్క పెట్టి క్లాంపులతో బిగించి, నెమ్మదిగా నడపండి. యాంగిల్ గ్రైండర్ తొందరగా కోస్తుంది గానీ సన్నటి రేకు వేడికి వంకర పోతుంది, నిప్పురవ్వలు పెయింట్‌ని కాలుస్తాయి. కళ్లద్దాలు, చేతులకి గ్లోవ్స్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ఇవన్నీ ఇంట్లో లేవంటే బెంగ లేదు, మన ఊళ్లలో కూలర్ బాడీలు తయారుచేసే రేకు షాపులు వీధికొకటి ఉంటాయి, వాళ్ల చేతిలో ఈ పని చాలా చిన్నది. వానాకాలం మొదలయ్యాక వాళ్లకి తీరిక దొరుకుతుంది, అప్పుడు గీతలు గీసిన కేసు పట్టుకెళ్లి "భావూ, ఈ గీత లోపలే కోయాలి, మడత తగలొద్దు" అని పక్కనే నిలబడి చేయించుకోండి. జాలీ రేకు కూడా అక్కడే దొరుకుతుంది, ముందు ముఖానికి అదే వాడండి.

కోశాక అంచులన్నీ ఆకురాయితో నున్నగా చేసి, రెడాక్సైడ్ ప్రైమర్ కొట్టి, ఆరాక స్ప్రే పెయింట్ వేయండి. ప్రైమర్ మానేస్తే మొదటి వానాకాలానికే కోసిన అంచు తుప్పు పడుతుంది. ట్యూబులు, వైర్లు దూరే రంధ్రాలకి కారు డోర్లకి వేసే రబ్బరు బీడింగ్ వేస్తే సరిగ్గా సరిపోతుంది. ఆ తర్వాత కేసుని సబ్బునీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి. ఇనుప రజను ఒక్క పలుకు బోర్డు మీద పడినా షార్ట్ అవుతుంది, కాబట్టి అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి మూలమూలా తిప్పండి.

రేడియేటర్ బిగించేటప్పుడు స్క్రూ పొడవు తప్పకుండా చూడండి. ఫ్యాన్ మందం, రేకు మందం కలిపి లెక్కేసుకోవాలి, పొడవు ఎక్కువైతే స్క్రూ నేరుగా నీటి గొట్టంలో దిగుతుంది, ఆ రేడియేటర్ ఇక పనికిరాదు. కొత్త రేడియేటర్ల లోపల టంకం వేసినప్పటి మడ్డి ఉంటుంది, వేడి డిస్టిల్డ్ వాటర్ పోసి, రెండు మూతలూ బిగించి బాగా ఊపి పారబోయండి, నీళ్లు తేటగా వచ్చేదాకా.

లూప్ వరుస గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. నిమిషానికి 4 లీటర్ల నీళ్లు తిరుగుతుంటే 450 వాట్ల వేడి మొత్తం చేరినా ఒక చుట్టులో నీళ్ల వేడి ఒకటిన్నర డిగ్రీ పైచిలుకే మారుతుంది, అందుకే ఏది ముందు ఏది తర్వాత అన్నదానికంటే ట్యూబ్ దగ్గరి దారిలో, మెలిక పడకుండా వెళ్తోందా అన్నదే ముఖ్యం. రెండు నియమాలు మాత్రం తప్పొద్దు: రిజర్వాయర్ పంపు కంటే ఎత్తులో ఉండి నీళ్లు నేరుగా పంపులోకి దిగాలి, అన్నిటికంటే కింద ఉన్న చోట ఒక టీ ఆకారపు ఫిట్టింగ్ పెట్టి డ్రెయిన్ వాల్వ్ బిగించాలి. డ్రెయిన్ లేకపోతే నీళ్లు మార్చాల్సిన రోజున కేసునంతా తలకిందులు చేయాలి.

మన బోరు నీళ్లలో ఉప్పు ఎంతుంటుందో కూలర్ గడ్డి మీద పేరుకున్న తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్లు గానీ, ఆర్వో నీళ్లు గానీ పోయొద్దు. రెడీమేడ్ క్లియర్ కూలెంట్, లేదా డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు, నాచు పట్టకుండా కలిపే మందు. పాలలా కనిపించే రంగు ద్రవాలు కొన్నాళ్లకి విరిగి బ్లాక్‌లో పేరుకుంటాయి, వాటి జోలికి పోవద్దు. రెండు 360లున్న లూప్‌కి లీటరు దాకా పడుతుంది, రెండు లీటర్లు దగ్గర పెట్టుకోండి.

లీక్ టెస్ట్‌లో తొందర పనికిరాదు. ముందు గాలితో చేయండి, గేజ్ ఉన్న చిన్న చేతిపంపుతో 0.5 బార్ దాకా ఎక్కించి, అరగంట ముల్లు కదలకపోతే నీళ్లు పోయండి. నీళ్లు నింపేటప్పుడు పంపుకి తప్ప దేనికీ కరెంటు ఉండకూడదు. బోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కేబుళ్లు మూడూ పీకేసి, పవర్ సప్లై 24 పిన్ కనెక్టర్‌కి రెడీమేడ్ జంపర్ పెట్టండి. అది 16వ పిన్‌ని పక్కనున్న గ్రౌండ్‌కి కలిపి బోర్డు లేకుండానే సప్లైని ఆన్ చేస్తుంది. రిజర్వాయర్ నింపడం, కొన్ని సెకన్లు పంపు ఆన్ చేయడం, నీళ్లు దిగిపోగానే ఆపి మళ్లీ నింపడం, ఇలా సాగాలి. పంపు ఎండుగా ఒక్క నిమిషం కూడా తిరగకూడదు. ప్రతి ఫిట్టింగ్ కిందా టిష్యూ పేపర్ చుట్టి, కేసుని అటూ ఇటూ వంచుతూ బుడగలు పోగొట్టి, ఒక పగలూ ఒక రాత్రీ అలా తిరగనివ్వండి. టిష్యూలన్నీ పొడిగా ఉంటే అప్పుడు మిగతా కేబుళ్లు పెట్టండి.

పంపు వేగం చెప్పే వైరుని బోర్డు మీది సీపీయూ ఫ్యాన్ పిన్నులకి ఇవ్వండి, కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు పంపు తిరగకపోతే బయోస్ హెచ్చరిస్తుంది. నీటి వేడి చెప్పే సెన్సర్ తప్పకుండా పెట్టి, ఫ్యాన్ల వేగం ప్రాసెసర్ వేడిని బట్టి కాక నీటి వేడిని బట్టి మారేలా సెట్ చేయండి, లేకపోతే చిన్న పనికీ ఫ్యాన్లు హోరెత్తి తగ్గుతుంటాయి. నీళ్లు 55 దాటితే అలారం, 58కి కంప్యూటర్ ఆగిపోయేలా పెట్టుకోండి. మే నెల మధ్యాహ్నాలు గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్ 300 నుంచి 240 వాట్లకి దించండి, చాలా కార్డుల్లో వేగం కొద్దిగానే తగ్గుతుంది, కార్డు నుంచి గదిలోకి వచ్చే వేడి మాత్రం ఐదోవంతు తగ్గుతుంది.

కూలర్ సంగతి. విదర్భ ఎండాకాలం పొడిగా ఉంటుంది కాబట్టి డెజర్ట్ కూలర్ గదిని బాగా చల్లబరుస్తుంది, గది పది డిగ్రీలు తగ్గితే లూప్ నీళ్లూ అంతే తగ్గుతాయి. తేమకి భయపడొద్దు, లూప్ నీళ్లు గది గాలికంటే ఎప్పుడూ వేడిగానే ఉంటాయి కాబట్టి ట్యూబుల మీద చెమట పట్టదు. కూలర్ గాలి నేరుగా కేసుకి తగిలేలా మాత్రం పెట్టకండి, దానితో వచ్చే సన్నటి తుంపర్లలో ఉప్పు ఉంటుంది, అది రేడియేటర్ రెక్కల మీద పేరుకుంటుంది. గదికి అటు చివర పెట్టి, ఎదురు కిటికీ కాస్త తెరిచి ఉంచండి.

కట్టిన వారంలోనే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: పూర్తి లోడ్ మీద గంట నడిచాక గది ఎంత, నీళ్లు ఎంత, ప్రాసెసర్ ఎంత. నీళ్లకీ గదికీ మధ్య తేడా నెలనెలా పెరుగుతుంటే రేడియేటర్‌లోనో ఫిల్టర్‌లోనో దుమ్ము నిండినట్టు. ప్రాసెసర్‌కీ నీళ్లకీ మధ్య తేడా పెరిగితే బ్లాక్ లోపల చెత్త చేరిందనో ప్రాసెసర్‌కీ బ్లాక్‌కీ మధ్య పూసే పేస్ట్ ఎండిందనో అర్థం. ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి కడగండి, రేడియేటర్లకి బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి. కూలెంట్ ఏడాదికోసారి, ఫిబ్రవరి చివర్లో, ఎండలు ముదరకముందే మార్చేయండి.