మీపై తప్పు వార్త వస్తే: మొదటి వారంలో చేయాల్సిన పనులు, అడగాల్సిన పరిహారం

నర్సంపేటలో ఒకే పేరుతో రెండు విత్తనాల దుకాణాలు ఉన్నాయనుకోండి. అధికారులు ఒక దుకాణంలో నకిలీ పత్తి విత్తనాలు పట్టుకున్నారు. మర్నాడు పేపర్ జిల్లా పేజీలో వార్త సరిగానే వచ్చింది, ఫొటో మాత్రం రెండో దుకాణం బోర్డుది. జూన్ మొదటి వారం. పొద్దున ఏడు కాకముందే ఆ కటింగ్ మండలంలోని వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేస్తుంది. పత్తి గింజలు అమ్ముడుపోయేదేమో ఆ నాలుగైదు వారాలే.

ఇలాంటప్పుడు చాలామంది ముందు విలేకరికి ఫోన్ చేసి కేకలేస్తారు. ఆ వెంటనే "కోటి రూపాయల దావా వేస్తా" అంటారు. రెండూ బాధితుడికే చేటు. ఫోన్లో నోరు జారిన మాట రికార్డయి మర్నాడు "విలేకరికి బెదిరింపులు" అనే ఇంకో వార్త అవుతుంది. కోటి మాట ఎందుకు చేటో కింద లెక్కతో చూద్దాం. మొదటి వారంలో కాగితం మీద ఏం చేశారన్నదే సవరణకైనా, దావాకైనా ఆధారం.

ముందు సాక్ష్యం దాచుకోండి

ఆ రోజు పేపర్ నాలుగు కాపీలు కొనండి. కటింగ్ చాలదు, పూర్తి పేపర్ కావాలి. వార్త ఉన్న పేజీ పైభాగంలో తేదీ, జిల్లా ఎడిషన్ పేరు ఉంటాయి. ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు చిన్న అక్షరాల్లో పేపర్‌లో ఏదో ఒక పేజీ అడుగున ఉంటాయి. నోటీసు ఎవరి పేరున పంపాలో చెప్పేది ఆ లైనే. హన్మకొండ, జనగామ, మహబూబాబాద్ పేజీలు వేరువేరుగా అచ్చవుతాయి కాబట్టి ఆ ఊళ్లలోని చుట్టాలతో ఆ రోజు పేపర్లు తీసి ఉంచమనండి. వార్త ఎంత దూరం పోయిందో రేపు కోర్టులో చూపాల్సింది మీరే. ఈ-పేపర్ పేజీని అదే రోజు డౌన్‌లోడ్ చేసుకోండి, ఫిర్యాదు అందాక ఆ పేజీ కనిపించకుండా పోవచ్చు.

యూట్యూబ్ వీడియో అయితే లింకు, చానల్ పేరు, అప్‌లోడ్ తేదీ, వ్యూస్, థంబ్‌నెయిల్, కింది కామెంట్లు అన్నీ కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ చేయండి. థంబ్‌నెయిల్ మీద రాసిన మాట లోపలి వీడియో కన్నా ఘోరంగా ఉండటం, గొడవ కాగానే దాన్ని మార్చేయడం తరచూ జరిగేదే. రికార్డు చేసిన ఫోన్‌ను అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. 2023 భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఒక సర్టిఫికెట్ పెట్టాలి. అందులో మొదటి భాగం ఫోన్ లేదా కంప్యూటర్ వాడిన మనిషి, రెండో భాగం నిపుణుడు నింపుతారు. ఫైలు హాష్ విలువ కూడా రాయాలి, అది ఫైలులో ఏ చిన్న మార్పు జరిగినా మారిపోయే వేలిముద్ర లాంటి కోడ్. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే ఫైలు కుదించుకుపోయి హాష్ మారిపోతుంది. అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా కాపీ చేయండి, కాపీ చేసినంత మాత్రాన హాష్ మారదు.

టీవీలో వచ్చిందైతే కంగారు పడకండి. చానళ్లు తమ ప్రసారాలను 90 రోజుల పాటు భద్రపరచాలి. ప్రసారమైన తేదీ, సమయం, కార్యక్రమం పేరు రాసి, ఆ రికార్డింగ్ చెరపవద్దని చానల్‌కు ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్ట్ రెండూ పంపండి.

సవరణ కోరే లేఖ

ఇది లాయర్ నోటీసు కాదు. మీరే మీ లెటర్‌హెడ్ మీద సంపాదకుడికి రాసే లేఖ, ఒక్క పేజీ చాలు. విలేకరి చేతికిచ్చి ఊరుకోవద్దు. అసలు ప్రతి సంపాదకుడి పేర హైదరాబాద్‌కు రిజిస్టర్డ్ పోస్ట్‌లో పోవాలి, నకలు స్థానిక ఎడిషన్ ఇన్‌చార్జికి ఇచ్చి సంతకం తీసుకోవాలి. ఇలా ఉంటే సరిపోతుంది:

"ఫలానా తేదీ మీ పత్రిక వరంగల్ జిల్లా ఎడిషన్ 3వ పేజీలో 'నకిలీ విత్తనాల పట్టివేత' శీర్షికతో వచ్చిన వార్త పక్కన మా దుకాణం ఫొటో వేశారు. వార్తలోని తనిఖీ మా దుకాణంలో జరగలేదు. మా లైసెన్స్ నకలు, మా దుకాణంలో ఎలాంటి సీజ్ జరగలేదని మండల వ్యవసాయ అధికారి ఇచ్చిన పత్రం జతచేశాం. అదే పేజీలో, అంతే ప్రముఖంగా సవరణ వేయాలని, ఈ-పేపర్ నుంచి ఆ ఫొటో తొలగించాలని కోరుతున్నాం."

తప్పు ఏ వాక్యమో, నిజం ఏమిటో, ఆధారం ఏదో చెప్తే చాలు. "కుట్రపూరితంగా", "అమ్ముడుపోయిన పత్రిక" లాంటి మాటలు ఒక్కటి కూడా రాయొద్దు. ఆ లేఖను పత్రిక డెస్క్ వాళ్లు పక్కన పడేయడానికి ఆ ఒక్క మాట చాలు. సవరణ వేస్తే ఆ పేపర్ కూడా నాలుగు కాపీలు దాచండి. వేయకపోతే ఆ మౌనమే మీ సాక్ష్యం.

ప్రెస్‌మీట్ పెట్టి ఖండిస్తే వార్త చూడనివాళ్లకు కూడా తెలుస్తుంది. దానికన్నా సవరణ కటింగ్‌ను అవే వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మేలు.

కొందరు "ప్రకటన ఇవ్వండి, సర్దుకుంటాం" అంటారు. డబ్బివ్వకపోతే పరువు తీసే రాత రాస్తానని బెదిరించడం దోపిడీ కిందికి వస్తుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308లో మొదటి ఉదాహరణే అది, శిక్ష ఏడేళ్ల దాకా పడొచ్చు. పరువు నష్టం మీద పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టరు గానీ ఈ నేరానికి కట్టాలి. డబ్బు అడిగిన మెసేజ్, కాల్ రికార్డింగ్ ఉంటే నేరుగా స్టేషన్‌కే వెళ్లండి. ఒక్కసారి ఇచ్చారా, ఏటా జూన్‌లో తలుపు తడతారు.

ఎక్కడ ఫిర్యాదు, ఎన్ని రోజుల్లో

దినపత్రిక మీద ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వార్త వచ్చిన 2 నెలల్లోపు రాయాలి. ముందు సంపాదకుడికి రాసిన లేఖ లేకుండా వాళ్లు తీసుకోరు. తెలుగు కటింగ్‌కు ఇంగ్లిష్ అనువాదం, ఇదే విషయం ఏ కోర్టులోనూ పెండింగ్‌లో లేదన్న ప్రకటన జతచేయాలి. కౌన్సిల్ పత్రికను హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేయలేదు, మీకు పైసా ఇప్పించలేదు. అయినా ఇది దండగ పని కాదు, తప్పు మీది కాదని రాతపూర్వకంగా వచ్చిన తీర్పుకు బ్యాంకులోనూ, లైసెన్స్ రెన్యువల్‌లోనూ విలువ ఉంటుంది. టీవీ, యూట్యూబ్ ఈ కౌన్సిల్ పరిధిలోకి రావు.

టీవీకైతే ముందు చానల్ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 2021 కేబుల్ టీవీ సవరణ నియమాల ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా ఆపై 15 రోజుల్లో ఆ చానల్ సభ్యత్వం ఉన్న స్వయం నియంత్రణ సంస్థకు అప్పీలు చేసుకోవాలి. వీడియో యూట్యూబ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో ఉంటే వాళ్ల గ్రీవెన్స్ అధికారికి రాసి, ఫలితం లేకపోతే 30 రోజుల్లో కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్లవచ్చు.

అన్నిటికన్నా పెద్ద గడువు ఒకటుంది, ఎక్కువమంది పోగొట్టుకునేదీ అదే. రాత ద్వారా జరిగిన పరువు నష్టానికి సివిల్ దావా 1 ఏడాదిలోపు వేయాలి. ప్రెస్ కౌన్సిల్‌లో గడిచిన నెలల్ని ఇందులోంచి తీసేస్తారని అనుకోవద్దు. వీడియో ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉంది కదా అని కూడా ఆగొద్దు. మొదట పెట్టిన రోజు నుంచే లెక్క అని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. క్రిమినల్ పరువు నష్టానికి న్యాయ సంహిత సెక్షన్ 356 కింద మేజిస్ట్రేట్ కోర్టులో వేసే ప్రైవేట్ కంప్లయింట్‌కు గడువు 3 ఏళ్లు. దాంట్లో శిక్ష 2 ఏళ్ల దాకా సాధారణ జైలు, జరిమానా లేదా సామాజిక సేవ ఉండొచ్చు గానీ మీ అమ్మకాల నష్టం ఆ కేసుతో పూడదు.

దావా కోసం హైదరాబాద్ పోనవసరం లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 19 ప్రకారం పరువు పోయిన చోటనైనా, ప్రతివాది ఉన్న చోటనైనా వేయవచ్చు. ఆ పేపర్ మీ ఊళ్లో పంచారు కాబట్టి అడిగే మొత్తాన్ని బట్టి మీ జిల్లాలోని కోర్టుల్లోనే వేసుకోవచ్చు.

ఎంత అడగాలి

అందరూ గుర్తుపెట్టుకున్న అంకె 100 కోట్లు. 2008లో టైమ్స్ నౌ చానల్ ఒక ప్రావిడెంట్ ఫండ్ కుంభకోణం వార్తలో పేరు దగ్గరగా ఉందని వేరే న్యాయమూర్తికి బదులు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి పి.బి. సావంత్ ఫొటో సుమారు 15 సెకన్లు చూపింది. 2011లో పుణె కోర్టు 100 కోట్లు కట్టమంది. అప్పీలులో స్టే కావాలంటే 20 కోట్లు డిపాజిట్ చేసి, 80 కోట్లకు బ్యాంక్ గ్యారంటీ ఇవ్వాలని బొంబాయి హైకోర్టు షరతు పెట్టింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఆ అంకెను చూసి మన దావాలో సున్నాలు పెంచడం పొరపాటు. ఆ పరిహారం మరీ ఎక్కువన్న విమర్శ అప్పుడే గట్టిగా వచ్చింది. పైగా అడిగే మొత్తం మీదే కోర్టు ఫీజు పడుతుంది. కోటి అడిగి 3 లక్షలకు డిక్రీ (కోర్టు తుది ఆదేశం) వస్తే మిగతా 97 లక్షల మీద కట్టిన ఫీజు మీ నెత్తినే. అంతకన్నా చెడ్డది, ఆధారం లేని అంకెను చూసిన జడ్జికి మీ మిగతా లెక్కల మీదా నమ్మకం సడలుతుంది.

నష్టాన్ని రెండుగా విడదీయండి. మొదటిది లెక్కతో చూపగలిగే నష్టం. ఉదాహరణకు గత జూన్, జులైలో అమ్మకం 18 లక్షలు, ఈసారి 11 లక్షలు. తగ్గింది 7 లక్షలు. కానీ అడగాల్సింది 7 లక్షలు కాదు, దాని మీద మీకు మిగిలే లాభం. మార్జిన్ 8 శాతమైతే 56,000. దానికి గడువు దాటి మిగిలిపోయిన, కంపెనీ వెనక్కి తీసుకోని ప్యాకెట్ల ఖరీదు కలపండి. బిల్లు పుస్తకాలు, స్టాక్ రిజిస్టర్, బ్యాంక్ స్టేట్‌మెంట్, పురుగుమందులు కూడా అమ్మితే జీఎస్టీ రిటర్నులు, కనీసం మూడేళ్లవి పెట్టండి. అటువైపు లాయర్ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ ఏడు వానలు ఆలస్యం కదా, అమ్మకాలు అందరికీ తగ్గాయి కదా?" పక్క దుకాణాల పరిస్థితి చెప్పగల సాక్షి, ఆర్డర్ రద్దు చేసుకున్న రైతు లేదా డీలర్ పంపిన మెసేజ్ ఉంటేనే ఆ ప్రశ్నకు జవాబు. ఆర్డర్ రద్దుకు ఆ వార్తే కారణమని చెప్పే ఒక్క మెసేజ్ పది పేజీల ఆవేదన కన్నా బరువు.

రెండోది పరువుకు కలిగిన నష్టం. రాతపూర్వక పరువు నష్టంలో దీనికి రూపాయల రుజువు అక్కర్లేదు, కానీ మొత్తానికి కారణం చూపాలి. ఎన్ని ఎడిషన్లలో వచ్చింది, పతాక శీర్షికా మూల వార్తా, మీ వివరణ అడిగారా, సవరణ ఎన్నాళ్లకు వేశారు, మళ్లీ రాశారా అన్నవే ఆ కారణాలు. మొదటి వారంలో లేఖ పంపమని చెప్పింది అందుకే. ఆధారాలతో అడిగినా వేయకపోతే ఈ భాగం పెరుగుతుంది, వెంటనే వేస్తే తగ్గుతుంది.

నోటీసు మీకే వస్తే

విత్తనాలు మొలకెత్తలేదని యూట్యూబ్ చానల్‌తో చెప్పిన రైతుకో, చిన్న పోర్టల్ నడిపేవారికో 10 కోట్ల నోటీసు రావచ్చు. నోటీసులోని అంకె కోర్టు అంకె కాదు. దావా వేస్తే అంత మొత్తానికీ వాళ్లు ఫీజు కట్టాలి. చాలా నోటీసులు నోరు మూయించడానికే వస్తాయి. అలాగని చించేయొద్దు, ఇచ్చిన గడువులోపు లాయర్‌తో క్లుప్తంగా జవాబివ్వండి. మీ పోస్టు తీసేసే ముందు దాని కాపీ భద్రం చేయండి, తీసేయడం తప్పు ఒప్పుకోవడం కాదని జవాబులోనే రాయించండి.

సివిల్ దావాలో నిజమే పెద్ద రక్షణ. క్రిమినల్ కేసులో నిజంతో పాటు ప్రజాహితం కూడా చూపాలి. "నేను కొన్న ఫలానా లాట్ ప్యాకెట్లు మొలవలేదు" అన్నది బిల్లు, ఖాళీ ప్యాకెట్, ట్యాగ్, వ్యవసాయ అధికారి తనిఖీ నివేదికతో నిలబడుతుంది. "అది దొంగ కంపెనీ" అన్నది వాటితో కూడా నిలబడకపోవచ్చు. మున్సిపాలిటీ, ప్రభుత్వ శాఖ లాంటివి పరువు నష్టం దావా వేయలేవని, అధికారుల విధి నిర్వహణపై రాతలకు ఎక్కువ వెసులుబాటు ఉందని 1994 రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు ప్రమాదం డబ్బు కన్నా ముందు, మీకు తెలియకుండా వచ్చే మధ్యంతర ఉత్తర్వు, అంటే విచారణ తేలకముందే మీ రాత ఆపమనే ఆదేశం. దావా వేస్తారనిపిస్తే ఆ కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఎ కింద కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దన్న ముందస్తు అర్జీ) వేయించండి, 90 రోజులు ఉంటుంది, తీరాక మళ్లీ వేయాలి. విచారణకు ముందే వార్తను ఆపడం అరుదైన సందర్భాల్లోనే చేయాలని 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్, జీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ తీర్పు మీ లాయర్ చేతిలో ఉండాలి. సమన్లు అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి, కోర్టు 90 రోజుల దాకా పొడిగించవచ్చు. జవాబు వేయకుండా ఊరుకుంటే ఏకపక్ష డిక్రీ వస్తుంది, పెద్ద అంకెలు నిజమయ్యేది అక్కడే. దావా ఉత్తదని తేలినా అదే కోడ్ సెక్షన్ 35ఎ కింద మీకు ఇప్పించగల ప్రత్యేక ఖర్చులు 3,000 రూపాయలకు మించవు. వేధింపు దావా వేసేవాడికి భయం లేకపోవడానికి ఇదొక కారణం, ఈ పరిమితి మారాల్సిందే.

రాజీ కుదిరితే ఏ వైపున్నా లోక్ అదాలత్‌లో నమోదు చేయించండి. కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది, ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. రాజీ పత్రంలో సవరణ పూర్తి పాఠం, ఏ తేదీన ఏ పేజీలో ఏ సైజులో వేస్తారు, ఏయే లింకులు ఎన్ని రోజుల్లో తొలగిస్తారు, మేజిస్ట్రేట్ కోర్టులోని కంప్లయింట్ ఎప్పుడు వెనక్కి తీసుకుంటారు అన్నవి విడివిడిగా రాయాలి. లింకులు ఒక్కోటీ పూర్తిగా ఎక్కించండి. "సంబంధిత వీడియోలన్నీ" అని రాస్తే ఒకటి తీసి మిగతావి ఉంచుతారు.