ఇంగ్లీష్ మాట్లాడేవారికి తెలుగు క్రియలు నేర్పడం ఎలా?

అమెరికాలో పెరిగే పిల్లలైనా, ఇంగ్లీష్ మాట్లాడే కోడలైనా అన్నం, నీళ్ళు, ఇల్లు లాంటి మాటలు ఇట్టే పట్టేస్తారు. క్రియ దగ్గరికొచ్చేసరికే టెన్షన్. వ్యాకరణం పట్టికలు పక్కన పెట్టి ఇలా చేసి చూడండి.

1. మొదట ఒక్క క్రియ చాలు. చేస్తాను, చేస్తావు, చేస్తాడు, చేస్తుంది, చేస్తాం, చేస్తారు, చేస్తాయి. ఎవరు చేస్తారో చివరే చెప్పేస్తుంది కాబట్టి ప్రతిసారీ ‘నేను’, ‘నువ్వు’ అక్కర్లేదు. అక్కయ్యా వస్తుంది, బస్సూ వస్తుంది. అదే ఎక్కువమందైతే అక్కయ్యలు వస్తారు, బస్సులు వస్తాయి. రోజూ చేసేదానికీ రేపు చేయబోయేదానికీ ‘చేస్తాను’ ఒకటే. ఇప్పుడు జరుగుతుంటే ‘చేస్తున్నాను’.

2. ఆ తర్వాత ఏ కొత్త క్రియనైనా మూడు రూపాలతో కలిపే నేర్పండి. అసలు కిటుకు ఇదే.

చేస్తాను, చేశాను, చేయను
వెళ్తాను, వెళ్ళాను, వెళ్ళను
తింటాను, తిన్నాను, తినను
ఇస్తాను, ఇచ్చాను, ఇవ్వను
వస్తాను, వచ్చాను, రాను

మొదటి రూపం వస్తే ‘వస్తున్నాను’ వచ్చినట్టే. రెండోదానిలో ఒక్క మెలిక: వాడు వచ్చాడు, కానీ ఆమె వచ్చింది. మూడోది మాత్రం బంగారం. ‘రాను’ తెలిస్తే రాలేదు, రావాలి, రాకు అన్నీ అందులోంచే వస్తాయి. అది నేర్పకపోతే పిల్లలు ‘వచ్చలేదు’ అంటారు. పాపం, వాళ్ళ లెక్క వాళ్ళకి సరైనదే!

3. ‘రాలేదు’లోని ‘లేదు’ మారదని చెప్పండి, ఊపిరి పీల్చుకుంటారు. నేను రాలేదు, వాడు రాలేదు, బస్సులు రాలేదు. ‘రాను’ మాత్రం మనిషిని బట్టి రావు, రాడు, రాదు, రారు అని మారుతుంది.

4. ‘ఉండు’ను విడిగా నేర్పాలి. ఇప్పుడు ఇంట్లో ఉన్నాను, నిన్నా ఇంట్లో ఉన్నాను, రేపు ఉంటాను. కాదనాలంటే లేను, రేపటి సంగతైతే ఉండను. ‘నేను డాక్టర్ని’ అనడానికి అసలు క్రియే అక్కర్లేదు. ఇంగ్లీష్ వాళ్ళు నమ్మడానికి కాస్త టైమ్ పడుతుంది.

5. అత్తగారిని ‘వస్తావా?’ అని అడగకముందే ‘వస్తారా?’, ‘రండి’ నేర్పేయండి. మీ ఇంట్లో తెలంగాణ మాట నడిస్తే ‘వచ్చాను’ బదులు ‘వచ్చిన’ అనే నేర్పండి. రేపు ఫోన్‌లో అమ్మమ్మతో మాట్లాడాల్సింది ఆ మాటతోనే కదా.