ముందు చక్రం గాలిలో తిరగనిదే షాక్ మూత విప్పొద్దు

దసరా వెళ్లింది. గోదావరి లంకల్లోంచి వరద నీరు దిగిపోయింది. ఇక మారేడుమిల్లి, లంబసింగి ప్రయాణాలు మొదలవుతాయి. వానాకాలమంతా కాజ్‌వేల మీద నీళ్లలో నడిపిన బైకుల ముందు చక్రపు షాకుల్లో ఆయిల్ మార్చాలని చాలామంది ఇప్పుడే ఇంటి దగ్గర పానాలు పట్టుకుంటారు. పోయిన ఆదివారం మా పక్క వీధి కుర్రాడూ అదే పనికి కూర్చున్నాడు. షాక్ పై మూత ఎగిరొచ్చి కనుబొమ్మ చీల్చింది. బండి ముందుకు పడి మణికట్టు విరిగింది. దెబ్బ అంగుళం కిందకు తగిలి ఉంటే కన్ను పోయేది. ఇలా జరగడం నేను చూసి ఇది మూడోసారి. మూడుసార్లూ ఒకటే తప్పు.

డబుల్ స్టాండ్ వేశాం కదా, ఇంకేం కదులుతుందిలే అనుకోవడమే ఆ తప్పు. డబుల్ స్టాండ్ మీద చాలా బండ్లకు గాలిలోకి లేచేది వెనక చక్రం. ముందు చక్రం నేల మీదే ఉంటుంది, ముందు భాగం బరువంతా దాని మీదే ఉంటుంది. ఆ బరువును మోసేది షాక్ లోపలి స్ప్రింగు. ఆ స్ప్రింగును పైనుంచి అదిమి పట్టింది మీరు విప్పుతున్న మూతే. ఆఖరి మర వదిలిన క్షణంలో స్ప్రింగు మూతను పైకి తన్నుతుంది, ఆపేదేమీ లేక షాక్ కిందకు కూలుతుంది, హ్యాండిల్ దిగుతుంది, బండి స్టాండ్ మీదనుంచి ముందుకు దూకుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. అప్పుడు మీ ముఖం సరిగ్గా మూత మీదకు వంగి ఉంటుంది, ఎందుకంటే మర ఎక్కడిదాకా వచ్చిందో చూస్తుంటారు.

కాబట్టి ముందు బండిని లేపండి. ఇంజిన్ కింద మందపాటి చెక్క పెట్టి, దాని కింద జాకీ పెట్టి, ముందు చక్రం నేలను వదిలేదాకా ఎత్తండి. సైలెన్సర్ పైపు మీద, ఆయిల్ ఫిల్టర్ మీద బరువు ఆననివ్వకండి. తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పండి. ఏ అడ్డూ లేకుండా తిరిగితేనే మూత మీద పానా పెట్టండి. తిరగకపోతే పెట్టొద్దు. సగం తిరిగి ఆగినా పెట్టొద్దు.

మన నేల సంగతి కూడా ఆలోచించండి. డెల్టా ఒండ్రుమట్టి ఈ రోజుల్లో పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. పెరట్లో కొబ్బరిచెట్టు నీడన జాకీ పెడితే పొద్దున నిలబడుతుంది, మధ్యాహ్నానికి ఒక పక్కకు దిగిపోతుంది. సిమెంటు గచ్చు మీదే పని పెట్టుకోండి. గచ్చు లేకపోతే కనీసం రెండడుగుల పలక వేసి దాని మీద స్టాండూ జాకీ రెండూ నిలపండి. కొందరు పాక దూలానికి తాడేసి హ్యాండిల్ వేలాడదీస్తారు. ఆ దూలానికి చెద పట్టిందో లేదో ఎవరు చూశారు? తాడు అదనపు ఆసరాగా ఉంటే ఉండనివ్వండి, అంతే. బరువంతా దాని మీద వదలొద్దు.

చక్రం గాలిలో ఉన్నా స్ప్రింగులో కొంత ఒత్తిడి మిగిలే ఉంటుంది. అందుకే వరస ముఖ్యం. షాక్ పైపును బండికి పట్టి ఉంచే క్లాంపులు పైనా కిందా ఉంటాయి. ముందు పై క్లాంపు బోల్టు వదులు చేయండి, లేకపోతే అది మూత మరలను నొక్కి పట్టుకుంటుంది. కింది క్లాంపు ఇంకా బిగువుగా ఉండగానే మూతను అర చుట్టు మాత్రం సడలించండి. ఆ తర్వాతే చక్రం, కాలిపర్ (డిస్క్‌ను నొక్కి పట్టే బ్రేక్ భాగం), మడ్‌గార్డ్ తీసి, కింది క్లాంపు కూడా వదులు చేసి షాకును కిందకు జార్చండి. మూత పూర్తిగా విప్పేది షాక్ బండి నుంచి బయటకు వచ్చాక. అప్పుడు కూడా మూత మీద మందపాటి గుడ్డ వేసి, అరచేత్తో కిందకు అదుముతూ, ముఖం పక్కకు పెట్టి తిప్పండి. కళ్లద్దాలు పెట్టుకోండి.

తలకిందుల షాకులున్న (లావు గొట్టం పైన, సన్నది కింద ఉండే) బండ్లు, హిమాలయన్ 450, కేటీఎం 390 అడ్వెంచర్ లాంటివి, ఇంట్లో విప్పొద్దు. మామూలు షాకులున్న పాత హిమాలయన్ 411 లాంటివాటికే ఈ మాటలు.

ఆయిల్ పోయడంలో జరిగేది రెండో తప్పు. పాతది పూర్తిగా కారదు, ఎంతో కొంత లోపలే ఉంటుంది. దాని మీద బండి సర్వీస్ పుస్తకంలో ఉన్న మిల్లీలీటర్లన్నీ కళ్లు మూసుకుని పోస్తే ఎక్కువైపోతుంది. ఆయిల్ నలగదు, నలిగేది పైనున్న గాలి. ఆ గాలికి చోటు లేకపోతే మొదటి పెద్ద గోతిలో షాక్ రాయిలా ఆగిపోతుంది, ఆయిల్ బయటకు రాకుండా ఆపే రబ్బరు సీలు చీలుతుంది. అందుకని స్ప్రింగు బయట పెట్టి, షాకును పూర్తిగా కిందకు నొక్కి, నెమ్మదిగా పదిసార్లు పైకీ కిందకీ ఆడించి గాలి బుడగలు పోనిచ్చి, పది నిమిషాలు ఆగి, పై అంచు నుంచి ఆయిల్ మట్టం దాకా స్కేలుతో కొలవండి. ఆ కొలత మీ బండి సర్వీస్ పుస్తకంలో ఉంటుంది. రెండు పక్కలా ఒకటే ఉండాలి.

ఇంజిన్ ఆయిల్ పోయొద్దు. పుస్తకం చెప్పిన గ్రేడే పోయండి.

కారిన ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయని అర్థం. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలిలో తిరిగే బండ్లకు షాక్ పైపు మీద తుప్పు గుంటలు వేలితో తడిమి చూడండి. గుంట ఉంటే కొత్త సీలు కూడా త్వరగానే కోసుకుపోతుంది.

ఒకటి తీసి, నింపి, బిగించాకే రెండోది. షాక్ పైపు క్లాంపు పైకి ఎంత వచ్చి ఉందో విప్పకముందే కొలిచి రాసుకోండి.

కాలిపర్‌ను బ్రేక్ పైపుకు వేలాడదీయొద్దు, తాడుతో కట్టండి. అది బయట ఉండగా బ్రేక్ లివర్ నొక్కొద్దు. పిల్లల్ని బండి దగ్గరకు రానివ్వొద్దు.

డిస్క్ మీద ఒక్క చుక్క పడినా బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. ప్యాడ్లు ఆయిల్ పీల్చితే మార్చేయండి, కాల్చి వాడొద్దు. మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ జారితే పక్కన లోయ.

పాత ఆయిల్ కాలవలో పోయొద్దు. చేపల చెరువు గట్టున అసలే వద్దు. డబ్బాలో పట్టి మెకానిక్ షెడ్డులో ఇవ్వండి.

ఒంటరిగా ఈ పని చేయొద్దు. రాత్రి చేయొద్దు. తొందరలో చేయొద్దు.

తిరిగి బిగించేటప్పుడు కూడా చక్రం గాలిలోనే. మూతలు, క్లాంపులు పూర్తిగా బిగిశాకే జాకీ దించండి. మళ్లీ చెబుతున్నా, చక్రం చేత్తో తిరగకపోతే మూత జోలికి పోవద్దు, డబుల్ స్టాండ్ వేసి ఉన్నా సరే.

కదిలే ముందు బ్రేక్ లివర్ గట్టిపడేదాకా పదే పదే నొక్కండి. కాలిపర్ తీసి పెట్టాక మొదటి రెండు మూడు నొక్కుళ్లకు బ్రేక్ పట్టదు. వీధి చివరిదాకా నడక వేగంతో వెళ్లి రండి. మర్నాడు పొద్దున పైపు మీద తడి గీత ఉందేమో చూడండి. ఉంటే ఆ రోజు ప్రయాణం వాయిదా వేసి, షాక్ మళ్లీ విప్పి సీలు చూసుకోండి.