లాన్ తీసేసి నేలను పరుచుకునే మొక్కలు నాటడం ఎలా?

శరదృతువు రాగానే చాలామందికి ఇంటి ముందు లాన్ తీసేసి ఇంకేదైనా వేద్దామనిపిస్తుంది. మంచి ఆలోచనే. నీళ్లు తక్కువ పడతాయి, వారం వారం గడ్డి కోసే పని తప్పుతుంది, పూలు పూసే రకాలు వేస్తే తేనెటీగలు వస్తాయి. కానీ అలా మార్చిన తోటల్లో చాలావాటిని ఏడాది తిరిగేసరికి మళ్లీ గరికే కమ్మేయడం నేను చూశాను. కారణం ప్రతిచోటా ఒకటే: పాత గడ్డి చావకముందే కొత్త మొక్కలు నాటేశారు. ఏ మొక్క వేయాలో తేల్చుకోవడానికి నెల రోజులు ఆలోచిస్తారు, గడ్డి తీయడానికి మాత్రం ఒక్క ఆదివారం కేటాయిస్తారు. ఆ నెల గడ్డికి ఇవ్వాలి, ఆదివారం మొక్కలకు చాలు.

ఈ పనికి శరత్తే అదును. ఎండ తీవ్రత తగ్గినా నేలలో వెచ్చదనం ఇంకా ఉంటుంది. ఆకుల నుంచి నీరు ఆవిరవడం తగ్గుతుంది కాబట్టి కొత్తగా నాటిన మొక్క వాడిపోకుండా వేరు తొడుక్కుంటుంది. రాలిన ఆకులు కుప్పలుగా దొరికేదీ ఇప్పుడే, వాటితో మనకు పనుంది. మంచు పడే చోట ఉంటే నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల ముందే నాటడం పూర్తవ్వాలి. గడ్డి తీయడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కాబట్టి రోజులు వెనక నుంచి లెక్కేసుకోండి. సమయం చాలదనిపిస్తే ఇప్పుడు గడ్డి మాత్రం తీసి, నేల మీద ఆకులు కప్పి ఉంచి, వసంతంలో నాటండి. తొందరపడి నాటడం కంటే అదే మేలు.

కావలసినవి

నాలుగు పళ్ల గార్డెన్ ఫోర్క్, కలుపు తీసే బొరిగె, దంతె, పార, బకెట్, చేతులకు గ్లవ్స్, రంగు పూత లేని అట్టపెట్టెలు, రాలిన ఆకులు, బాగా చివికిన కంపోస్ట్. కంపోస్ట్ 5 సెంటీమీటర్ల మందాన పరచాలి. 10 చదరపు మీటర్ల జాగాకు అది అర ఘనపు మీటరు, అంటే 500 లీటర్లు అవుతుంది. ఫోర్క్ మాత్రం కచ్చితంగా ఉండాలి, దాని బదులు పారతో సరిపెట్టకండి. ఎందుకో కింద చెప్తాను.

మొదటి పని

గడ్డిని నేలకు అంటుకునేంత పొట్టిగా కోసేయండి. తవ్వే చోట నీళ్ల పైపులు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో ముందే తెలుసుకోండి. రెండు రోజుల ముందు బాగా నీళ్లు పెట్టండి. నేల పదునుగా ఉండాలి: పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దవ్వాలి, వేలితో తడితే విడిపోవాలి. చేతికి అంటుకుంటుంటే ఇంకో రోజు ఆగండి.

గడ్డి తీయడం

ముందు మీ లాన్‌లో ఉన్నదేమిటో చూసుకోండి. ఒక పిలకను వేళ్లతో సహా పెకలించి కడిగి చూడండి. సన్నటి వేర్లు మాత్రమే గుత్తిగా ఉంటే అది కుదురుగా పెరిగే రకం, మీ పని తేలిక. తెల్లగా, దారంలా, కణుపులు కణుపులుగా ఉన్న కాడలు భూమిలో అడ్డంగా పాకి ఉంటే అది గరిక, లేదా గరికలా పాకే ఇంకో రకం. మూడు అంచుల కాడ, అడుగున నల్లటి చిన్న గడ్డ కనబడితే తుంగ.

కుదురు రకాల వరకైతే తవ్వనక్కర్లేదు. కోసిన గడ్డి మీదే అట్టలు పరచి కప్పితే రెండు మూడు నెలల్లో వెలుతురు అందక చచ్చి, అక్కడే ఎరువైపోతుంది. ఆకులతో, అట్టలతో అంతా అయిపోతుందని చెప్పేవాళ్ల తోటల్లో ఉండేది ఈ గడ్డే. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, కానీ గరిక ఉన్నచోట అది పనిచేయదు.

గరిక సంగతి వేరు. అది నేల మీద తీగలుగా పాకుతుంది, నేల లోపలా పాకుతుంది. లోపలివి చూడ్డానికి వేర్లలా ఉంటాయి గానీ నిజానికి అవి కాండాలు. ప్రతి కణుపు దగ్గరా ఒక మొగ్గ నిద్రపోతుంటుంది. కాడను రెండు ముక్కలు చేస్తే రెండు మొక్కలు, పది ముక్కలు చేస్తే పది మొక్కలు. పార వద్దన్నది అందుకే, దాని అంచు ప్రతి వేటుకీ కాడను కోస్తుంది. మట్టిని గుల్ల చేసే రోటవేటర్ యంత్రం తిప్పించడం ఇంకా ఘోరం. ఆ రోజు నేల గుల్లగా, నల్లగా, ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది. నిజానికి ఎకరం మడిలో నారు పోసినట్టు గరిక ముక్కల్ని సమంగా చల్లి, మట్టి కప్పి, దుక్కి కూడా చేసిపెట్టారు. దయచేసి రోటవేటర్ జోలికి పోకండి.

ఫోర్క్ నిలువుగా జానెడు లోతు దించి, పిడిని వెనక్కి వంచి మట్టిని పైకి లేపండి. పెళ్ల లేచాక చేత్తో విదిలించండి. కాడ చివర కనబడితే గుంజకండి, అది పోతున్న దారి వెంట మట్టిని వదులు చేస్తూ పొడుగునా బయటికి తీయండి. పుటుక్కున తెగిందంటే మిగతా సగం లోపలే ఉంది, ఆ సగాన్ని వెతికి తీశాకే ముందుకు కదలండి. గరిక కాడలు ఎక్కువగా పై 15 సెంటీమీటర్లలోనే ఉంటాయి, గుల్ల నేలలో ఇంకా లోతుకు పోతాయి. ఒక చదరపు మీటరు పూర్తిగా తీయడానికి అరగంట పట్టినా ఆశ్చర్యపోకండి. అడ్డదిడ్డంగా తవ్వకుండా ఒక అంచు నుంచి మొదలుపెట్టి మీటరు పట్టీలుగా వెనక్కి జరుగుతూ రండి, తీసిన చోటును తొక్కకుండా ఉంటారు. చెట్టు కింద మాత్రం ఫోర్క్ లోతుగా దించకండి, చెట్టు వేర్లు తెగుతాయి. అక్కడ బొరిగెతో పైపైన తీయండి.

తీసినవన్నీ బకెట్లో వేయండి. ఒక్క ముక్క కూడా గట్టు మీద వదలకండి, కంపోస్ట్ కుప్పలోనూ వేయకండి. రాతి మీద పలచగా పరచి పెళపెళలాడేదాకా ఎండనిచ్చి, ఆ తర్వాతే ఏదైనా చేయండి.

తుంగ ఉంటే ఇంకాస్త ఓపిక కావాలి. దాని గడ్డలు దండలో పూసల్లా ఒకదానికొకటి సన్నటి తీగతో కలిసి ఉంటాయి. మొలకను చేత్తో పీకితే ఆకులు వస్తాయి, గడ్డ లోపలే ఉంటుంది. పైగా గొలుసు తెగితే అప్పటిదాకా నిద్రలో ఉన్న మిగతా గడ్డలు మేల్కొని మొలుస్తాయి. అట్టను, పలచటి ప్లాస్టిక్‌ను కూడా తుంగ మొలక పొడుచుకుని వస్తుంది. దాన్ని బొరిగెతో చుట్టూ తవ్వి గడ్డతో సహా తీయడమొక్కటే దారి.

ఇంతా చేశాక నేల ఖాళీగా, చక్కగా కనిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. మొక్కలు తెచ్చి నాటేస్తారు. నేనూ మొదటిసారి అదే చేశాను. నాలుగు నెలలకు ప్రతి మొక్క కుదుట్లోంచీ గరిక లేచింది. వేర్లు రెండూ పెనవేసుకుపోయాయి, గరికను లాగితే మొక్క కూడా వస్తోంది. చివరికి మొత్తం పెరికి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

కాబట్టి నాటకండి. ఖాళీ నేలను దంతెతో సమం చేసి, నాటినచోట పెట్టినట్టే నీళ్లు పెట్టండి. లోపల మిగిలిన ముక్కలు మొలవాలనే ఈ నీళ్లు. రెండు మూడు వారాల్లో అక్కడక్కడా పచ్చటి సూదులు పొడుచుకొస్తాయి. ప్రతి మొలకా లోపల ఒక ముక్క ఎక్కడుందో చూపించే గుర్తు. ఫోర్క్ దించి ఆ ముక్కతో సహా తీయండి. మళ్లీ నీళ్లు పెట్టి మళ్లీ ఆగండి. రెండోసారి చాలా తక్కువ వస్తాయి. అవీ తీయండి. మూడోసారి నీళ్లు పెట్టి పది రోజులు చూసినా ఏమీ రాకపోతే అప్పుడు నేల మీ చేతికి వచ్చినట్టు. తుంగ విషయంలో మాత్రం మొలకలు కనబడిన వారంలోపే తవ్వండి. వదిలేస్తే మొలిచిన నెల, నెలన్నరలోనే కొత్త గడ్డలు కడుతుంది, మీరు చేసిందంతా వృథా అవుతుంది. చలి ముదిరి నేల చల్లబడితే గరిక చావకుండానే మొలవడం మానేస్తుంది. మొలకలు రాలేదంటే అది చచ్చిందా, చలికి పడుకుందా అన్నది ముందు చూసుకోండి. చలి వల్లే అనిపిస్తే అట్టలు కప్పి, వెచ్చబడ్డాక ఇంకోసారి నీళ్లు పెట్టి పరీక్షించాకే నాటండి.

ఇంకోటి, అంచులు. పక్కన గడ్డి ఉన్న జాగా ఏదైనా ఉంటే అక్కడి గరిక మీ గీత దాటి వస్తుంది. అంచు పొడుగునా బెత్తెడు వెడల్పు, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున కాలువలా తవ్వి ఖాళీగా ఉంచండి. దాటబోయే కాడ గాల్లోకి వచ్చి కనిపిస్తుంది, కత్తిరించేయండి. ఇటుకలు పాతితే సరిపోతుందని కొందరంటారు. ఇటుకల సందుల్లోంచి గరిక వస్తుంది, అప్పుడు దాన్ని తీయడం ఇంకా కష్టం.

వేరే పద్ధతుల గురించి

ఎండబెట్టి చంపే పద్ధతి నిజంగా పనిచేస్తుంది. తడి నేల మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ బిగించి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. కానీ అది మండు వేసవిలో చేయాల్సిన పని, శరత్తులో ఎండకు ఆ వేడి రాదు. ఉప్పు చల్లమని చెప్పేవాళ్ల మాట వినకండి. గడ్డి చస్తుంది, దాని తర్వాత అక్కడ ఇంకేదీ పెరగదు. కలుపు మందుల విషయానికొస్తే, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం గ్లైఫోసేట్ అనే కలుపు మందును ‘బహుశా క్యాన్సర్ కలిగించే’ వాటి జాబితాలో పెట్టింది. కొన్ని నియంత్రణ సంస్థలు ఒప్పుకోలేదు. ఆ వాదన ఎటు తేలినా, పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే పది గజాల నేలకు ఫోర్క్ ఉండగా మందు అవసరం లేదన్నదే నా మాట. ప్లాస్టిక్ గడ్డి పరిస్తే సమస్యే ఉండదు కదా అని అడుగుతారు. ఎండలో అది నిజం గడ్డి కంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది, కింద నేలలో వానపాములు బతకవు.

ఏం నాటాలి

నీడ ఎక్కువుంటే మోండో గడ్డి. పేరులో గడ్డి ఉన్నా అది గడ్డి కాదు, పొట్టిగా గుబురుగా పెరుగుతుంది, కోయనక్కర్లేదు. చల్లటి చోట, కాస్త తొక్కిడి ఉన్నా తెల్ల క్లోవర్. దాని వేరు బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తుంది, ఎరువు ఖర్చు ఉండదు. పూసినప్పుడు తేనెటీగలు బాగా వస్తాయి కాబట్టి పిల్లలు ఆడే చోట పూలు కత్తిరించండి. వెచ్చటి చోట అరాకిస్ పింటోయ్ అన్నిటికన్నా మంచిది. మన వేరుశనగకు దగ్గరి చుట్టం, పసుపు పూలు పూస్తుంది, ఇదీ నత్రజనిని పట్టిస్తుంది. పొడి నేల, నిండు ఎండ ఉంటే పాకే థైమ్ అనే సువాసన మొక్క వేయొచ్చు, కానీ నీరు నిలిస్తే కుళ్లిపోతుంది.

పసుపు పూలతో నేలంతా పాకే వెడీలియాను మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 దురాక్రమణ జీవుల జాబితాలో అదొకటి. గరికను వదిలించుకుని దాన్ని తెచ్చుకున్నట్టవుతుంది.

మొత్తం జాగా ఒకే మొక్కతో నింపాలన్న పట్టుదల కూడా వద్దు. 1830లో ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంట్ తీసుకునేదాకా నున్నటి లాన్ అంటే కొడవలి పట్టే పనివాళ్లో, గొర్రెల మందో ఉన్నవాళ్లకే సాధ్యం. తరచూ వాన పడే ఆ నేలకు అది బాగానే నప్పింది. నీళ్లు మోసి పోయాల్సిన చోట కూడా అదే నమూనాను పట్టుకు వేలాడాల్సిన పని లేదు. ఎండలో ఒకటి, నీడలో ఒకటి వేయండి.

నాటడం

కంపోస్ట్ పరచి దంతెతో కలపండి. మొక్కలైతే 25 సెంటీమీటర్ల ఎడంలో చదరపు మీటరుకు 16 పడతాయి, 20 ఎడమైతే 25. కాస్త ఖర్చైనా 20 ఎడమే పెట్టండి, నేల తొందరగా కప్పుకుంటే కలుపుకు చోటుండదు. క్లోవర్ విత్తనాలు ఆవగింజ కంటే చిన్నవి. చదరపు మీటరుకు 2 నుంచి 5 గ్రాములు తీసుకుని పొడి ఇసుకలో కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా నడుస్తూ చల్లండి. మట్టిలో లోతుగా పూడ్చకండి, దంతె వెనక వైపుతో తట్టి వదిలేయండి.

మొక్కల మధ్య ఖాళీల్లో ఆకులు పరవండి, కాడల మొదళ్లకు తగలనీయకండి. అట్టలు వాడితే టేపు, పిన్నులు తీసేసి, ఒకదాని మీద ఒకటి బెత్తెడు పైగా ఎక్కేలా పరచి తడపండి. ఇంటి గోడకు మాత్రం రెండు అడుగుల దూరంలో ఆపేయండి, తడి అట్టలకు చెదలు పడతాయి.

మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత నెల రోజులు రెండు మూడు రోజులకోసారి, ఆపై నేల పైన అంగుళం ఎండినప్పుడు నీళ్లు పెట్టండి. మొదటి ఏడాదంతా వారానికోసారి బొరిగె చేతిలో పట్టుకుని అంచుల వెంట ఒక చుట్టు తిరగండి. గరిక పోచ ఒక్కటి కనబడినా అక్కడే కూర్చుని, వేలు పెట్టి దాని కాడ ఎటు పోతోందో వెతికి, మొత్తం బయటికి తీశాకే లేవండి.