పరిణామ గణనతో తయారీ – 4వ పాఠం: చీమకుర్తి శ్లాబు, ముక్కల వరుస

పరిణామ గణన అంటే పరిష్కారాలను జీవుల్లా పెంచడం: ఒక్కోదాన్నీ జన్యువుగా రాసుకుని, ఎంత బాగుందో మార్కులు వేసి, మంచివాటి నుంచి తర్వాతి తరాన్ని పుట్టిస్తాం. పోయిన పాఠంలోని యాంటెన్నా గుర్తుంది కదా? 2006లో నాసా ఎస్‌టీ5 ఉపగ్రహాలతో పంపిన ఆ వంకరటింకర తీగకు పొడవులు, కోణాలే జన్యువులు. వాటిని కాస్త అటూ ఇటూ కదిపితే కొత్త తీగ పుట్టేది. ఈసారి కొలతలు కదపడానికి వీల్లేదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ శ్లాబులోంచి వంటగట్టు పలకలు, మెట్లు, గడపలు కోయాలి. సైజులు ఆర్డరులో రాసినవే. మన చేతిలో ఉన్నదల్లా ఏ ముక్క ముందు, ఏది తర్వాత అన్నదే.

ఆ వరుసే జన్యువు. ఆరు ముక్కలకు 720 వరుసలు; ఓపికుంటే అన్నీ చూడవచ్చు. ఇరవై ముక్కలకైతే సుమారు 24 వేల కోట్ల కోట్లు!

వరుసలో వచ్చిన ముక్కను, అది పట్టే మొదటి ఖాళీలో మూలకు చేర్చి పెట్టండి. డిస్కు రంపం రాయి మధ్యలో మలుపు తిరగదు, అంచు నుంచి అంచుకు కోస్తుంది. కనుక ముక్క పెట్టగానే మిగిలిన చోటును రెండు దీర్ఘచతురస్రాలుగా చీల్చాలి. బ్లేడు మందం కూడా తీసేయాలి. కొందరు కుదరని కోతలను పుట్టనిచ్చి తర్వాత మార్కులు తగ్గిస్తారు. నాకది దండగ పని అనిపిస్తుంది. అసలు పుట్టనివ్వకపోతే సరి.

మార్కులు దేనికి? తరుగుకు అనుకుంటారు. కానీ అన్ని ముక్కలూ ఒకే శ్లాబులో పట్టాక, బ్లేడు తిన్నది పక్కన పెడితే, మిగిలే వైశాల్యం ఏ వరుసకైనా ఒకటే. ముందు ఎన్ని శ్లాబులు పట్టాయో చూడండి. సమానమైతే, కోయగా మిగిలిన రాతిలో అతి పెద్ద ముక్క ఏ వరుసదో అదే గెలిచినట్టు. పెద్ద ముక్క రేపు ఇంకో గడపవుతుంది, సన్న పేలికలు గుట్టలోకి పోతాయి.

ఇక సంకరం, అంటే రెండు వరుసలను కలిపి కొత్తది పుట్టించడం. ముక్కలకు 1 నుంచి 6 దాకా అంకెలిద్దాం. తల్లి 3-1-4-6-2-5, తండ్రి 5-4-2-1-6-3. సగం సగం అతికిస్తే 3-1-4-1-6-3: ఒకటి, మూడు రెండేసి సార్లు కోశాం, రెండు, ఐదు కోయనే లేదు. అందుకని తల్లి నుంచి 3-1-4 తీసుకుని, మిగతావి తండ్రిలో కనబడే క్రమంలో చేర్చండి: 3-1-4-5-2-6. ఇదే క్రమ సంకరం. లారెన్స్ డేవిస్ 1985లో ప్రచురించిన పద్ధతికి సులువైన రూపం. ఉత్పరివర్తనానికి, అంటే ఒక వరుసలో చిన్న మార్పు తేవడానికి, ఏవైనా రెండు ముక్కల చోట్లు మార్చితే చాలు.

అభ్యాసం: అట్టతో ఆరు ముక్కలు, ఒక శ్లాబు చేసుకోండి. ఎనిమిది వరుసలు చీటీల మీద రాసి, మార్కుల్లో పైనున్న నాలుగింటితో తర్వాతి తరం పుట్టించండి. ముక్కలను అడ్డంగా తిప్పకండి. గెలాక్సీ చుక్కలకు దిశ లేదు కాబట్టి తిప్పవచ్చు, కానీ దానికి జన్యువులో ఇంకో గడి కావాలి. అది 5వ పాఠంలో.