డిసెంబరు 31 అర్ధరాత్రి బాణసంచా కాల్చే ముందు

వెలుతురుండగానే చోటు చూసి పెట్టుకోండి. ఎండుగడ్డి, కరెంటు తీగలు, కార్లు దగ్గర్లో ఉండకూడదు.

☐ రెండు బకెట్ల నీళ్లు, ఒక బకెట్ ఇసుక చేతికందేలా ఉంచండి.

☐ నూలు బట్టలే వేసుకోండి. నైలాన్ అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

☐ కాకరపువ్వొత్తిని తేలిగ్గా తీసుకోకండి. మండేటప్పుడు దాని వేడి 1000 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఆరిపోయి నల్లబడ్డ తీగ కూడా చర్మాన్ని కాల్చేస్తుంది. పిల్లలు పారేసిన తీగ మీద ఇంకొకరు కాలు వేస్తారు. అందుకే అయిపోగానే నేరుగా నీళ్లలో వేయించండి.

☐ తారాజువ్వను ఖాళీ సీసాలో పెట్టొద్దు. ఒరిగితే జనం మీదికే దూసుకొస్తుంది. ఇసుకలో పాతిన గొట్టంలో నిలబెట్టండి.

☐ పేలనిదాని మీదికి వంగి చూడకండి, వత్తి లోపల నిప్పు పాకుతూ ఉండొచ్చు. 20 నిమిషాలు ఆగి నీళ్లతో తడిపేయండి.

☐ తాగినవాళ్లకు అగ్గిపెట్టె ఇవ్వొద్దు.