సంచి పెట్టాక పెద్దవాళ్ళకి నీళ్ళు, ఉప్పు లెక్క
పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్‌లో చిన్నపేగుని పొట్ట బయటికి తెచ్చి సంచి తగిలించారంటే, అదే ఇలియోస్టమీ, ఇంటికి రాగానే ఒక కొలత మగ్గు, ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. సంచి ఖాళీ చేసిన ప్రతిసారీ ఎన్ని ఎం.ఎల్. వచ్చిందో రాయండి. రోజుకి 1,500 దాటితే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాల్సిందే.

మేం చేసిన తప్పు చెప్తా. నాన్నకి నోరెండిపోతోందని చెంబులకొద్దీ మంచినీళ్ళు తాగించాం, సంచి ఇంకా నిండింది, దాంతోపాటు ఒంట్లో ఉప్పూ పోయింది, మూడోరోజుకి ఆయన పొద్దునో సాయంత్రమో తెలియకుండా మాట్లాడారు. వయసు కదా, మతిమరుపేలే అనుకున్నాం. రక్తపరీక్షలో సోడియం, అంటే రక్తంలో ఉప్పు, 121 వచ్చింది, ఉండాల్సింది 135 నుంచి 145.

ఒట్టి నీళ్ళు తగ్గించి ఓఆర్ఎస్ ఇవ్వండి, లీటరు ప్యాకెట్‌ని మొత్తం లీటరు నీళ్ళలోనే కలపాలి, సగం సగం కాదు. కొబ్బరినీళ్ళు దానికి బదులు కావు, వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. గుండె, కిడ్నీ జబ్బులున్నా, బీపీ మాత్రలు వేసుకుంటున్నా రోజుకి ఎంత తాగాలో, ఏ మాత్ర ఆపాలో డాక్టరే చెప్పాలి.

వయసు మీదపడితే దాహం సరిగ్గా తెలియదు, "వద్దులేరా" అంటే వదిలెయ్యకండి. రోజూ పొద్దున్నే బరువు చూడండి. మూత్రం బాగా తగ్గినా, లేవగానే కళ్ళు తిరిగినా, మాట తేడాగా ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు.